చింతపండు నీళ్లలో ముత్యం

"ఏందే ఆండాలూ! నా పింగాణి గిన్నెల చింతపండు నానేసినవా? నీలం అంచు గిన్నె ముట్టకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"సిల్వర్ గిన్నెల నానేస్తే గిన్నె నల్లగైతదని నువ్వే అంటివి గద అత్తమ్మా!"

"అంటే? ఇంట్ల ఇంకో పింగాణి లేదా? ఎర్ర అంచుది కనవడలేదా?"

"అండ్ల నీ కుంకుడు రసం ఉన్నది."

"నా గిన్నె నువ్వు గుంజుకుంటే మరి నేనేడ పోసుకోవాలె? పొద్దున లేస్తే ఇదే లొల్లి! మార్చు ముందు. అదిండ్ల, ఇదండ్ల."

"మారుస్త గాని, గంత ఒర్రకు. గౌలిపుర అంత ఇంటున్నది."

"ఇననీ! మీ అమ్మగారింటి దాక ఇననీ!"

ఆండాలు నా తోటికోడలు. మరిది కొండల్‌ని చేసుకుని మా ఇంటికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. రెండు గల్లీల అవతల పాలు పోసే ఇంటి పిల్ల. వాళ్లింట్లో గిన్నె అంటే గిన్నే, కడిగి ఉంటే చాలు, ఏదైనా పనికొస్తుంది. మా ఇంట్లో మాత్రం ఒక గిన్నె ముత్యాలది.

మా అత్తమ్మ నాగమణమ్మ పత్తర్‌గట్టిలో ఒక సేఠ్ దుకాణానికి ముత్యాలు గుచ్చి ఇచ్చేది. పాత దండలు విప్పి, గోరువెచ్చటి కుంకుడు రసంలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త పట్టుదారం ఎక్కించేది. మిగతా గుచ్చేవాళ్లందరూ దుకాణంలోనే, సేఠ్ కళ్లెదుట కూర్చుని పని చేసి వెళ్లాలి. ముత్యాలను చిన్న సంచిలో కట్టి ఇంటికి పంపేది మా అత్తమ్మ ఒక్కదానితోనే. ఆ సంచి జాకెట్లో దోపుకుని గల్లీలో నడిచి వస్తుంటే ఆమె నడకే వేరుగా ఉండేది. మా మామయ్య బాలనర్సింహ బస్సు డిపోలో మెకానిక్. "నా నౌకరీ సర్కారిది, మీ అత్తది నిజాందీ" అని ఎకసెక్కం చేసేవాడు.

డెబ్బై మూడో సంవత్సరం, చలికాలం. అత్తమ్మకు జలుబు. ఆ రోజు సంచిలో వచ్చింది పురానీ హవేలీ వైపు ఒక పాత ఖాందాన్ వాళ్ల దండ. వాళ్లింట్లో పెళ్లికూతురు వేసుకోవాలి. చిన్న ముత్యాల నడుమ ఒక పెద్ద ముత్యం, రేగుపండంత. అత్తమ్మ దండ విప్పి ముత్యాలన్నీ పల్చటి గుడ్డలో పోసి పెట్టుకుంది.

ఆండాలు గిన్నెలు మార్చడానికి వంగింది. అప్పుడే గల్లీలో కేక వినిపించింది. నల్లా వచ్చింది! మా గల్లీలో నల్లా వచ్చిందంటే పొయ్యి మీది అన్నాన్నైనా వదిలి పరుగెత్తాల్సిందే. ఆండాలు బిందెలు పట్టుకుని ఉరికింది, వెనకే నేను. కొత్త కోడలు చెప్పిన పని చేసే ఉంటుందనుకుని, అత్తమ్మ ముత్యాల గుడ్డను నీలం అంచు గిన్నెలోకి దించింది. చింతపండు నీళ్లదీ కుంకుడు రసానిదీ ఒకటే రంగు. ఉన్న తేడా వాసనలో. జలుబున్న ముక్కుకు ఆ తేడా తెలియలేదు.

నల్లా కట్టేశాక నేను నిండు బిందెతో లోపలికి వచ్చాను. గిన్నెలో గుడ్డ చుట్టూ సన్నటి బుడగలు కనిపించాయి. మొదట కుంకుడు నురగే అనుకున్నాను. నురగ అయితే పైన తెట్టెలా ఉంటుంది. ఈ బుడగలు లోపలి నుంచి ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. బిందె కింద పెట్టి వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

పులుపు.

గుడ్డ బయటికి లాగి బిందెలో ఉన్న మంచినీళ్లలో ముంచాను. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఆండాలు గుమ్మంలో నిలబడిపోయింది. నేను గుడ్డ విప్పాను. చిన్న ముత్యాలు కాస్త మసకబారాయి అంతే. మూట అడుగున గుజ్జుకు ఆనుకుని ఉన్న పెద్ద ముత్యం మాత్రం చచ్చిపోయినట్టుంది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాను. ఎటు తిప్పినా సుద్దముక్కే.

కోఠీ ఉమెన్స్ కాలేజీలో నేను కెమిస్ట్రీ చదివాను. సుద్దరాయి మీద ఆమ్లం పోస్తే ఇలాగే పొంగేది. వచ్చే వాయువును సున్నపుతేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడేది. సమీకరణం రాసి, కింద గీత గీసి, మార్కులు తెచ్చుకున్నాను. కాల్షియం, కర్బనం, ఆక్సిజన్. ఒక్కో కర్బనం మూడు ఆక్సిజన్లతో ఎలక్ట్రాన్లు పంచుకుని గట్టి జట్టు కడుతుంది. ఆ జట్టుకు ఋణావేశం, కాల్షియానికి ధనావేశం. ఒకదాన్నొకటి పట్టి ఉంచబట్టే రాయి రాయిగా నిలుస్తుంది. పులుపు వచ్చి ఆ జట్టునే విడగొడుతుంది, అందులోంచి వాయువు లేచిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. ముత్యమూ సుద్దా ఒకే పదార్థమని పుస్తకంలో చదివే ఉంటాను. కానీ వెలుగు పోయిన ముత్యాన్ని అరచేతిలో పెట్టుకున్న ఆ నిమిషం దాకా, ఆ వాక్యం నా చేతిలో ఉన్న ఇలాంటి వస్తువు గురించి అని నాకు తోచలేదు.

అత్తమ్మ ముత్యాన్ని అందుకుని పంటికి రాసి చూసింది. అసలు ముత్యం పంటికి సన్నటి ఇసుకలా తగలాలి.

"నున్నగున్నది. సబ్బు లెక్క."

"నేను మారుస్తననే అన్న అత్తమ్మా, నల్లా వచ్చింది..." ఆండాలుది ఒకటే ఏడుపు.

అత్తమ్మ దాన్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముత్యాన్ని గుప్పిట్లో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

మధ్యాహ్నం మామయ్య, కొండల్ ఇల్లు చేరేసరికి సంగతి గల్లీ అంతా తెలిసిపోయింది.

"కొబ్బరినూనె రాయి అమ్మా" అన్నాడు కొండల్. "మెరుస్తది. సేఠ్‌కు ఏం తెలుస్తది?"

"ఒక పూట మెరుస్తుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ ఇంతే" అన్నాను నేను.

"ఒక పూట చాలు గద వదినే, ఇచ్చి వచ్చేదాక!"

"సిగ్గులేనోడా!" అత్తమ్మ లేచి నిలబడింది. "ఆ పిల్ల మెడల వేసుకున్నంక నూనె ఇగిరిపోతే? నా చేతిని నమ్మి సంచి ఇచ్చిండు. రేపటి సంది నేను గూడ దుకాణంల కూసోని గుచ్చాల్నా? గట్ల గుచ్చే కంటె మానేసుడే నయం."

"మరి ఏం జేస్తవే?" అన్నాడు మామయ్య.

"పోయి చెప్త."

మరునాడు పొద్దున్నే ముగ్గురం పత్తర్‌గట్టికి నడిచాం. తన తప్పే అని చెప్పుకోవాలని ఆండాలు పట్టుబట్టి వెంట వచ్చింది. సేఠ్ గద్దె మీద కూర్చుని ముత్యాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"యే క్యా కర్ దియా, నాగమణమ్మా?"

ఆండాలు నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది: "నేనే వేసిన సేఠ్. చూసుకోక చింతపండు నీళ్లల్ల వేసిన. ఇంకెవ్వరి తప్పు లేదు."

సేఠ్ కోపం చల్లటి కోపం. అరవలేదు. "వెనక గల్లీల ఖాజా మియా ఉంటడు. మోతీ తోలు తీస్తడు. కింద చమక్ ఉంటే తీస్కొని రా. లేకుంటే..." అని దుకాణం మెట్ల వైపు చూశాడు. "లేకుంటే ఈ మెట్లు ఎక్కొద్దు."

ఖాజా మియా గది మేడ మీద, కిటికీ పక్కన. నల్లగుడ్డ పరిచిన పీట, ఒక చిన్న కత్తి, కంటికి పెట్టుకునే భూతద్దం. అంతకుమించి సామానేమీ లేదు. తెల్లగడ్డం ముసలాయన. ముత్యాన్ని భూతద్దంలో చూసి తల ఊపాడు.

"బస్రా మాల్ హై అమ్మా, పాతది, సముద్రంల దానంతటదే పుట్టింది. గిది జపాన్‌ది అయితే నేను చాకూ పెట్టకపోదును. దానికి పైన జరంత పరత్, లోపలంత గోలీ. గీక్కుంట పోతే గోలీ బయటపడ్తది. దీనికట్ల కాదు. నడిమి దాక పరత్ మీద పరతే, ఉల్లిగడ్డ లెక్క. లేకిన్ లోపల దాగ్ ఉంటే మాత్రం నన్ను అడగొద్దు. గది ఖుదాకే ఎరుక."

"తియ్యి మియా" అంది అత్తమ్మ.

ఆయన ముత్యాన్ని ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని కత్తి ఆనించాడు. బలం పెట్టినట్టు కూడా కనిపించలేదు. కత్తి మొన దగ్గర తెల్లటి పొట్టు లేచి గుడ్డ మీద రాలింది. కింద గల్లీలో ఎవరో గాజుల పెట్టె దింపుతూ ఎవరినో తిడుతున్నారు. సుద్దలాంటి పై తొక్క అంతా పోయింది. దాని కింద వెలుగు రాలేదు. గోధుమరంగు మచ్చ వచ్చింది.

ఖాజా మియా చెయ్యి ఆపాడు. "దాగ్ వచ్చింది అమ్మా. ఇంకో పరత్ తీస్తే మోతీ ఇంకా చిన్నగైతది. గా దాగ్ లోపలికి పోయిందంటే మొత్తం ఖతం. ఆపాల్నా, తియ్యాల్నా?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "చదువుకున్నదానివి. నువ్వు చెప్పు."

"నాకు తెలియదు అత్తమ్మా" అన్నాను. "పొరలన్నీ ఒక్కరోజు వచ్చినవి కావు. ఆల్చిప్పలో పురుగు ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చింది. పై పొరలో ఉన్న మచ్చ కింద కూడా ఉండాలని లేదు. ఉండదనీ చెప్పలేను."

ఆమె ఖాజా మియా వైపు తిరిగింది. "తియ్యి" అంది.

కత్తి మళ్లీ కదిలింది. గోధుమరంగు పొట్టు రాలింది. ఆయన ముత్యాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, అంచు దొరికిన చోట లేపుతూ, దొరకని చోట ఆగుతూ సాగుతున్నాడు. ఒకచోట పొర పెద్ద రేకులా, చిరగకుండా ఊడివచ్చింది. అది ఊడిన చోట ముత్యం మీద వెన్నెల ముక్కలాంటిది కనిపించింది.

ఆ ముక్క పెరిగింది. మచ్చ అంచులు కరిగిపోయాయి. ఖాజా మియా కత్తి పక్కన పెట్టి ముత్యాన్ని తోలుముక్కతో నిదానంగా రుద్దాడు. ఇంతకుముందు కన్నా చిన్నదే, కానీ వెలుగుతోంది. ఆ వెలుగు పైన పూసిన మెరుపులా లేదు, లోపలెక్కడి నుంచో వస్తున్నట్టుంది. కిటికీ దానిలో కనిపించింది. కిటికీ వెనక ఆకాశం, దాని అంచున లేత గులాబీరంగు. ఎన్నో ఏళ్లుగా ఆ మచ్చ కింద, చీకట్లో, ఈ వెలుగు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. మొదటిసారి చూసినవాళ్లం మేమే.

ఆండాలు నల్లగుడ్డ మీది నుంచి ఒక రేకును వేలితో అద్ది తీసింది. అదీ మెరిసింది. చేప పొలుసులా, అంతకన్నా పల్చగా. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపింది. మెరుపు మాయమైంది. వేళ్లకు తెల్లపొడి అంటుకుంది.

"అక్కా!" అంది నన్ను పట్టుకుని. "గిది మన గోడ సున్నం లెక్కనే ఉన్నది గదా!"

"అదే" అన్నాను. "గోడ సున్నమే."

"మజాక్ చెయ్యకు."

"నిజమే ఆండాలూ. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే దానిలో ఉన్న గాలి పోతుంది. నీళ్లు చల్లితే ఉడికి సున్నమవుతుంది. గోడకు కొట్టాక, పోయిన ఆ గాలినే మళ్లీ మెల్లగా పీల్చుకుని రాయవుతుంది. మనం విడిచే ఊపిరిలో ఉండేదీ ఆ గాలే. నిన్న గిన్నెలో బుడగలుగా లేచిందీ ఆ గాలే."

"మరి మన గోడ మెరవదేంది?"

పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న అది. గుడ్డ మీద రాలిన రేకులను చూస్తూ మెల్లగా చెప్పాను. పదార్థం ఒకటే. కణం కణాన్ని పట్టుకున్న పట్టు కూడా ఒకటే. గోడలో అవి పారబోసిన బియ్యంలా ఎటుపడితే అటు ఉన్నాయి, వెలుతురు వాటి మీద పడి చెదిరిపోతుంది. ముత్యంలో పలకల్లా పరిచి ఉన్నాయి. వరస మీద వరస, నడుమ జిగురు. వెలుతురు కొంచెం పై వరస నుంచి, కొంచెం కింది వరస నుంచి, ఇంకొంచెం దాని కింది నుంచి వెనక్కి వస్తుంది. అవన్నీ కలిసి మన కంటికి చేరతాయి. నువ్వు నలిపినప్పుడు ముత్యం నుంచి ఏమీ పోలేదు. వరస పోయింది, అంతే.

ఆండాలు తన వేళ్ల పొడిని చూసుకుంటూ ఉండిపోయింది. మా ఇంటి గోడలు, తాంబూలంలో సున్నం, కోడిగుడ్డు పెంకు, పిల్లల పలకల మీద సుద్ద... ఇన్నేళ్లు వాటి మధ్యే తిరిగాను. వీటికీ పెళ్లికూతురి మెడలో దండకూ మధ్య ఉన్న తేడా అంతా ఒక నోరులేని జీవి, సముద్రం అడుగున, చీకట్లో, ఓపికగా పేర్చిన వరసేనా? దాన్ని పేర్చుతున్నానని ఆ జీవికి తెలిసే వీలైనా లేదు. ఆ వెలుగు దానికి ఎప్పుడూ కనిపించదు.

ఖాజా మియా ముత్యాన్ని అత్తమ్మ ముందు చాపాడు. ఆమె ముఖానికి జానెడు దూరంలో అది వెలుగుతోంది.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది: "ఏమైందే? ఎలుగు వచ్చిందా?"

నేను ఆమె కళ్లలోకి చూశాను. నల్లగుడ్ల మీద పల్చటి పాలమీగడ లాంటి తెర. అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. నురగ లేని ఆ గిన్నెలో ఉన్నది చింతపండు నీళ్లని ఆమెకు తెలియకపోవడానికి జలుబు ఒక్కటే కారణం కాదు. ఎన్నాళ్లుగానో ఆమె ముత్యాలను వేళ్లతో గుచ్చుతోంది, పళ్లతో చూస్తోంది. సూదిలోకి దారం ఎక్కించమని ఏదో ఒక సాకుతో మమ్మల్ని పిలిచేది. మేం ఎక్కించి వెళ్లిపోయేవాళ్లం.

"వచ్చింది అత్తమ్మా. చాలా బాగా వచ్చింది" అని ముత్యాన్ని ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె దాన్ని వేళ్ల మధ్య తిప్పి, పంటికి రాసింది. ముఖం విప్పారింది. "ఇసుక ఉన్నది" అంది.

దుకాణానికి తిరిగి వెళ్లాక సేఠ్ ముత్యాన్ని మళ్లీ వెలుతురుకు పట్టి చూశాడు. చిన్న ముత్యాలను తోలుముక్కతో రుద్దితే చాలన్నాడు. ఆ ఖాందాన్ వాళ్లకు జరిగింది తనే చెప్పుకుంటానన్నాడు. అన్నీ సంచిలో పోసి, మూతి కట్టి, ఎప్పటిలాగే అత్తమ్మ చేతికి ఇచ్చాడు. "కల్ తక్ గుచ్చి తెచ్చెయ్" అన్నాడు. మెట్ల మాట ఎత్తలేదు. అత్తమ్మ సంచి తీసుకుంది గానీ జాకెట్లో దోపుకోలేదు. దారంతా చేతిలోనే పట్టుకుని నడిచింది.

ఆ సాయంత్రం అందరం జొన్నరొట్టెలు, పాలకూర పప్పు ముందు కూర్చున్నాం. గండం గడిచిందని కొండల్ హుషారుగా ఉన్నాడు.

"నిజాం నౌకరీ నిలిచింది పో!" అన్నాడు మామయ్య. "నేను రిటైరైతే ఇగ నువ్వే సాదాలె నన్ను."

అత్తమ్మ రొట్టె తుంచలేదు. సంచిని పళ్లెం పక్కన పెట్టింది.

"నాకు కండ్లు కనవడ్తలేవు" అంది.

మామయ్య తుంచిన రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. "ఎప్పటిసంది?"

"మస్తు రోజులైంది. మొదలు పొగ లెక్క ఉండె. ఇప్పుడు ముత్యానికి బియ్యపుగింజకు ఫరక్ తెలుస్తలేదు. ఇయ్యాల ముసలాయన ముత్యం నా మూతికాడ పెట్టిండు. వీళ్లంత చూసి నోర్లు తెరిచిన్రు. నాకొక్కదానికి కనవడలే." ఎవరో మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపింది. "దవాఖాన సంగతి తర్వాత చూద్దాం. ముందిది ఇనుండ్రి. రేపు దండ ఇచ్చేటప్పుడు సేఠ్‌కు నా కండ్ల సంగతి చెప్త. నా చేతికి సంచి ఇయ్యొద్దని చెప్త. ఈ దండ సంది ఇగ గుచ్చేది ఆండాలు. నేను పక్కన కూసోని చేతులతోటి నేర్పిస్త, పెద్దకోడలు కండ్లతోటి చూస్తది. సేఠ్ ఒప్పుకుంటే సంచి ఇంటికొస్తది. ఒప్పుకోకుంటే రాదు. కనవడని కండ్లతోటి పరాయోళ్ల ముత్యం మాత్రం ముట్ట."

ఆండాలు బిత్తరపోయి చూసింది. "నేనా? అత్తమ్మా, నాకు గిన్నె సంగతే సక్కగ తెల్వదు!"

"తెల్వదనే గద నేర్పిస్తనంటున్న" అని అత్తమ్మ సంచిని దాని ఒళ్లో పెట్టింది. "రొట్టె సల్లారుతున్నది, తిను. తిన్నంక చేతులు కడుక్కొని రా, ఇయ్యాల్నే మొదలు పెడుదాం."